బేస్‌బాల్ రికార్డులు - వాటి వెనుక ఉన్న లెక్కలు

ఏ ఆటలోనైనా ఒక ఆటగాడు అంతకు ముందు ఎవ్వరూ చేయని పని చేస్తే దానిని రికార్డు అంటారు. పత్రికలు ఆ అంకెను పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తాయి. పిల్లలు కంఠస్థం చేస్తారు. కాని అంకె తెలిసినంత మాత్రాన దాని అర్థం తెలిసినట్లు కాదు. ఎన్ని అవకాశాలలో అది వచ్చినది, ఏ నిబంధనల కింద ఆడినారు, ఎవరిని ఆడనిచ్చినారు, ఎవరిని ఆడనివ్వలేదు అనే ప్రశ్నలకు జవాబులు దొరికినప్పుడే ఆ అంకెకు విలువ కట్టటం సాధ్యమవుతుంది. ఒక వాయువు ఘనపరిమాణాన్ని కొలిచిన శాస్త్రజ్ఞుడు దాని పక్కనే ఉష్ణోగ్రతను, పీడనాన్ని కూడా వ్రాసి పెట్టుకొంటాడు. అవి లేకపోతే కొలత పనికిరాదు. ఆటల లెక్కలకూ ఇదే జాగ్రత్త అవసరం.

ఈ సంగతి గ్రహించటానికి అమెరికా దేశపు బేస్‌బాల్ చాలా అనువైన ఆట. అక్కడి పెద్ద లీగులలో ఎవరు ఎన్నిసార్లు బ్యాటు పట్టినారు, ఎన్నిసార్లు సఫలులైనారు అనే లెక్కలు 1876 నుండి నేటి వరకు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం దొరుకుతాయి. ఇంత దీర్ఘకాలపు లెక్కలు ఉన్న ఆటలు లోకంలో కొద్ది మాత్రమే.

ఆట స్వరూపం

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ తెలుసుకోవటం కష్టం కాదు. జట్టుకు తొమ్మిదిమంది ఆటగాళ్లు. మైదానంలో ఒక చదరం ఉంటుంది; దాని భుజం 90 అడుగులు. నాలుగు మూలలలో ఉన్న స్థానాలను బేసులు అంటారు. వాటిలో ఒకదానికి హోమ్ ప్లేటు అని పేరు. బ్యాటరు అక్కడ గుండ్రని కర్ర పట్టుకొని నిలబడతాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుండి పిచర్ అతని వైపు బంతి విసురుతాడు. క్రికెట్‌లో వలె బంతి నేలను తాకి లేవదు. గాలిలోనే నేరుగా వస్తుంది.

బ్యాటరు బంతిని కొట్టి, ఎదుటివారు ఔటు చేసే లోపల కనీసం మొదటి బేసుకు క్షేమంగా చేరితే అది హిట్. ఎదుటివారి పొరపాటు వల్ల చేరితే అది హిట్ కాదు. బేసులన్నీ చుట్టి తిరిగి హోమ్ ప్లేటుకు వస్తే ఒక పరుగు. బంతిని నేల తాకకుండా కంచె దాటిస్తే హోమ్ రన్. ఇది క్రికెట్‌లోని సిక్సరు వంటిది. అప్పుడు కొట్టినవాడూ, అప్పటికే బేసులపై ఉన్నవారూ అందరూ పరుగు పూర్తి చేస్తారు. పిచర్ సరియైన హద్దులలో వేయని బంతులు నాలుగయితే బ్యాటరు ఊరకే మొదటి బేసుకు నడిచిపోవచ్చును. ముగ్గురు ఔటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. రెండు జట్లకూ తొమ్మిదేసి వంతులు వస్తాయి. అందువల్ల ఒక బ్యాటరుకు ఒక ఆటలో నాలుగైదు అవకాశాల కంటె ఎక్కువ రావటం అరుదు.

లెక్క వ్రాయటం నేర్పినవాడు

బేస్‌బాల్‌కు లెక్కల అలవాటు క్రికెట్ నుండే వచ్చినదని చెప్పవచ్చును. హెన్రీ చాడ్విక్ అనే విలేఖరి 1824లో ఇంగ్లండులో జన్మించి, చిన్నతనంలోనే అమెరికా చేరినాడు. మొదట పత్రికలకు క్రికెట్ వార్తలు వ్రాసేవాడు. తరువాత బేస్‌బాల్‌పై ఆసక్తి కలిగి, ఒక ఆటలో ప్రతి ఆటగాడు చేసిన పనినీ చిన్న పట్టికలో ఇమిడ్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినాడు. ఆట చూడనివాడు కూడా మరునాడు ఆ పట్టికను చదివి ఆట నడిచిన తీరు తెలుసుకోగలిగినాడు. 1869లో సిన్సినాటి నగరపు జట్టు ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలు ఇచ్చి తొలి వృత్తి జట్టుగా పేరు పొందినది. 1876లో నేషనల్ లీగు ఏర్పడినది. 1901లో అమెరికన్ లీగు దానికి సమానమైన హోదా పొందినది.

బ్యాటరు శక్తిని తెలిపే ముఖ్యమైన కొలత బ్యాటింగు సగటు. హిట్ల సంఖ్యను అవకాశాల సంఖ్యతో భాగించగా వచ్చేదే ఈ సగటు. ఊరకే నడిచిపోయిన సందర్భాలను ఈ అవకాశాలలో చేర్చరు. 500 అవకాశాలలో 150 హిట్లు కొట్టినవాని సగటు 0.300. ఇది మంచి బ్యాటరు సగటు. అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలుడైనవానిని కూడా ఈ ఆటలో గొప్పవాడంటారన్నమాట. క్రికెట్ సగటుకూ దీనికీ తేడా గమనించాలి. అక్కడ పరుగులను ఔటయిన సంఖ్యతో భాగిస్తారు. అందువల్ల సగటు 50 కావచ్చు, బ్రాడ్మన్‌కు వలె 99.94 కావచ్చు. ఇక్కడ సగటు ఎన్నడూ ఒకటిని మించదు.

ఐదు దశాంశ స్థానాల సాహసం

1941 సెప్టెంబరు 28 ఆ సంవత్సరపు ఆటలకు ఆఖరి రోజు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టులోని టెడ్ విలియమ్స్ అప్పటికి 448 అవకాశాలలో 179 హిట్లు కొట్టి ఉన్నాడు. భాగిస్తే 0.39955 వస్తుంది. మూడు దశాంశ స్థానాలకు సవరిస్తే అది 0.400 అవుతుంది. 0.400 సగటు ఎంతో అపురూపమైనది. ఆ రోజు ఆడకుండా కూర్చుంటే రికార్డు పుస్తకంలో ఆ అంకె పడుతుంది. కావాలంటే ఆడకుండా ఉండవచ్చునని జట్టు నాయకుడు జో క్రోనిన్ చెప్పినాడు.

విలియమ్స్ ఒప్పుకొనలేదు. ఫిలడెల్ఫియాలో ఆనాడు జరిగిన రెండు ఆటలూ ఆడినాడు. ఎనిమిది అవకాశాలలో ఆరు హిట్లు కొట్టినాడు. మొత్తం 456కు 185, సగటు 0.4057, అంటే 0.406. ఆ ఎనిమిదింటిలో మూడు మాత్రమే కొట్టి ఉంటే సగటు 0.399కి దిగిపోయేది. విద్యార్థులు స్వయంగా భాగించి చూడవచ్చును. సవరించిన అంకెకు, నిజంగా సాధించిన అంకెకు మధ్య ఉన్న అంతరం చిన్నదే. కాని దానిని దాటటానికి అతడు అంతకు ముందు సంపాదించినదంతా పణంగా పెట్టినాడు.

అప్పటి నుండి నేషనల్ లీగులో గాని, అమెరికన్ లీగులో గాని ఒక పూర్తి సంవత్సరం ఆడి 0.400 సగటు చూపినవాడు లేడు. ఈనాటి ఆటగాళ్లు ఆనాటివారి కంటె అసమర్థులా? ఈ ప్రశ్నకు జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డ్ ఆశ్చర్యకరమైన జవాబు చెప్పినాడు. ఆటగాళ్లందరి సగటు చాలా దశాబ్దాల పాటు 0.260 దరిదాపులలోనే నిలిచినది. మారినది సగటు కాదు, దాని చుట్టూ ఉండే విస్తరణ. పూర్వం అతి గొప్పవారూ ఉండేవారు, చాలా తక్కువ శక్తి గలవారూ ఉండేవారు. ఆట మెరుగుపడిన కొద్దీ శిక్షణ, ఎంపిక కట్టుదిట్టమై బలహీనులు తొలగిపోయినారు. అందరూ మానవ శక్తి హద్దుకు దగ్గరగా వచ్చినారు. దానితో అందరి అంకెలూ సగటుకు చేరువైనాయి.

తరగతి గదిలోని ఉదాహరణ తీసుకొందాం. రెండు తరగతులలోనూ సగటు మార్కులు 50 అనుకొనండి. మొదటి తరగతిలో మార్కులు 10 నుండి 90 వరకు, రెండవ దానిలో 40 నుండి 60 వరకు ఉన్నాయి. రెండవ తరగతిలో 90 తెచ్చుకొన్నవాడు లేడు. అయినా అది మొదటి దాని కంటె తక్కువ తరగతి కాదు. గణితంలో ఈ విస్తరణకు కొలతగా ప్రామాణిక విచలనాన్ని వాడతారు. బ్యాటింగు సగటుల ప్రామాణిక విచలనం కాలక్రమాన తగ్గుతూ వచ్చినదని గౌల్డ్ లెక్కకట్టి చూపినాడు. 0.400 సగటు మాయం కావటం ఆట క్షీణించినదనటానికి గుర్తు కాదనీ, ఆట ఎదిగినదనటానికే గుర్తనీ అతని వాదం.

యాభైయారు ఆటల వరుస

అదే 1941లో మరొక విశేషం జరిగినది. న్యూయార్క్ యాంకీస్ జట్టులోని జో డిమాజియో మే 15 నుండి జులై 16 వరకు వరుసగా 56 ఆటలలో, ఒక్కటి కూడా విడువకుండా, కనీసం ఒక హిట్ కొట్టినాడు. అంతకు ముందు 1897లో విల్లీ కీలర్ అదే సంవత్సరంలో వరుసగా 44 ఆటలలో కొట్టి ఉన్నాడు. జులై 17న క్లీవ్‌లాండ్‌లో ప్రత్యర్థి జట్టులోని కెన్ కెల్ట్‌నర్ రెండుసార్లు బంతిని అద్భుతంగా ఆపి ఈ వరుసకు అంతం పలికినాడు. డిమాజియో మరునాటి నుండి మళ్లీ వరుసగా 16 ఆటలలో హిట్లు కొట్టినాడు!

ఇది ఎంత అరుదైన సంగతో సంభావ్యతా సిద్ధాంతం సాయంతో అంచనా వేయవచ్చును. ఒక బ్యాటరు సగటు 0.300 అనుకొందాం. ఒక అవకాశంలో విఫలం కావటానికి సంభావ్యత 0.7. ఒక ఆటలో నాలుగు అవకాశాలుంటే, నాలుగింటిలోనూ విఫలం కావటానికి సంభావ్యత 0.7 ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, అది 0.2401. కాబట్టి కనీసం ఒక హిట్ రావటానికి సంభావ్యత 0.7599. నూటికి 76 ఆటలలో హిట్ వస్తుందన్నమాట. ఇది పెద్ద సంఖ్యగానే కనబడుతుంది. కాని వరుసగా 56 ఆటలు కావాలంటే ఈ సంఖ్యను 56 సార్లు గుణించాలి. అప్పుడు వచ్చే సంభావ్యత దాదాపు 48 లక్షలకు ఒకటి.

సగటు 0.350 అయితే అదే లెక్క ప్రకారం దాదాపు 60 వేలకు ఒకటి. 0.400 అయితే దాదాపు 2,400కు ఒకటి. సగటులో కొద్ది భేదం ఫలితంలో ఎంత పెద్ద భేదాన్ని తెస్తున్నదో గమనించండి. ఆ 56 ఆటలలో డిమాజియో 223 అవకాశాలలో 91 హిట్లు కొట్టినాడు, సగటు 0.408.

ఈ లెక్కలో రెండు సదుపాయాలు కల్పించుకొన్నాం. ప్రతి ఆటలోనూ సరిగ్గా నాలుగు అవకాశాలు వస్తాయని అనుకొన్నాం. ఒక అవకాశపు ఫలితం మరొక దానిపై ఆధారపడదని కూడా అనుకొన్నాం. నిజమైన ఆటలో ఈ రెండూ పూర్తిగా వర్తించవు. ఇంకొక సంగతి ఏమిటంటే, పైన చెప్పినది ముందుగా ఎన్నుకొన్న ఒక బ్యాటరు, ముందుగా ఎన్నుకొన్న 56 ఆటల సంభావ్యత. వేలకొద్దీ ఆటగాళ్లు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నప్పుడు ఎవరో ఒకరికి, ఎప్పుడో ఒకప్పుడు దీర్ఘమైన వరుస దొరకటానికి అవకాశం పెరుగుతుంది. అయినా ఇంతవరకు మరెవ్వరూ 56కు దగ్గరగా రాలేదు. 1978లో పీట్ రోజ్ 44 వద్ద ఆగిపోయినాడు.

హోమ్ రన్ల కథ

హోమ్ రన్ల రికార్డు చరిత్ర చూస్తే పరిస్థితులకూ అంకెలకూ ఉన్న సంబంధం ఇంకా బాగా తెలుస్తుంది. 1884లో చికాగో జట్టులోని నెడ్ విలియమ్సన్ 27 హోమ్ రన్లు కొట్టినాడు. అందులో 25 సొంత మైదానంలో కొట్టినవే. ఆ మైదానపు కుడి, ఎడమ కంచెలు 200 అడుగుల లోపే ఉండేవి. అంతకు ముందటి సంవత్సరం అక్కడ కంచె దాటిన బంతికి రెండు బేసులు మాత్రమే ఇచ్చేవారు. ఒక్క నిబంధన మారినందువల్ల రికార్డు పుట్టినది. అది 35 ఏళ్లు నిలిచినది.

దానిని 1919లో 29 హోమ్ రన్లతో బేబ్ రూత్ దాటినాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్ యాంకీస్ పక్షాన 54 కొట్టినాడు. ఆ సంవత్సరం అమెరికన్ లీగులోని ఏ ఇతర జట్టు కూడా, ఆటగాళ్లందరూ కలిసినా, 54 హోమ్ రన్లు కొట్టలేదు. రూత్ శక్తి అపారం. అందులో సందేహం లేదు. కాని ఆ కాలంలో ఆట కూడా మారినది. పూర్వం ఒకే బంతిని మాసి, మెత్తబడే వరకు వాడేవారు. పిచర్లు బంతికి ఉమ్మి పూసి దాని గమనాన్ని మార్చేవారు. 1920లో ఈ పద్ధతిని నిషేధించినారు. ఆ ఆగస్టులోనే క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్మన్ తలకు బంతి తగిలి మరణించినాడు. అటు తరువాత మాసిన బంతిని వెంటనే తీసివేసి తెల్లని కొత్త బంతి ఇవ్వటం అలవాటయినది. స్పష్టంగా కనబడే గట్టి బంతిని దూరంగా కొట్టటం సులభమైనది.

1927లో రూత్ 60 హోమ్ రన్లు కొట్టినాడు. 1961లో అదే జట్టులోని రోజర్ మారిస్ ఆఖరి రోజున 61వది కొట్టినాడు. వెంటనే వివాదం చెలరేగినది. ఏలనంటే, రూత్ కాలంలో సంవత్సరానికి 154 ఆటలు. 1961లో అమెరికన్ లీగు వాటిని 162కు పెంచినది. 154 ఆటలు ముగిసే నాటికి మారిస్ లెక్క 59 మాత్రమే. బేస్‌బాల్ కమిషనరు ఫోర్డ్ ఫ్రిక్ ఆ జులైలోనే, 154 ఆటలలో రికార్డు దాటకపోతే రెండింటినీ వేరువేరుగా చూపాలని ప్రకటించి ఉన్నాడు. ఆ భేదాన్ని 1991లో తొలగించినారు.

ఇటువంటి తగవును నిష్పత్తితో కొంతవరకు తీర్చవచ్చును. రూత్‌కు 60 హోమ్ రన్లు 540 అవకాశాలలో వచ్చినాయి, తొమ్మిదికి ఒకటి. మారిస్‌కు 61 హోమ్ రన్లు 590 అవకాశాలలో వచ్చినాయి, దాదాపు 9.7కు ఒకటి. అమెరికన్ లీగులో మారిస్ రికార్డును 2022లో దాటిన ఆరన్ జడ్జ్‌కు 62 హోమ్ రన్లు 570 అవకాశాలలో వచ్చినాయి, దాదాపు 9.2కు ఒకటి. 2001లో బారీ బాండ్స్ 476 అవకాశాలలో 73 కొట్టి, రెండు లీగులలోనూ అందరి కంటె ముందు నిలిచినాడు, 6.5కు ఒకటి. కాని ఆ రోజులలో కొందరు ఆటగాళ్లు కండబలం పెంచే స్టెరాయిడ్ మందులు వాడేవారు. 1998లో 70 కొట్టిన మార్క్ మెగ్వైర్ తాను వాడినట్లు 2010లో ఒప్పుకొన్నాడు. బాండ్స్‌పైనా ఆరోపణలు వచ్చినాయి; తెలిసి వాడలేదని అతడు చెప్పినాడు. అంకెలు పుస్తకంలో ఉన్నాయి; వాటి పక్కన వ్రాయవలసిన పరిస్థితులపై వాదం ఇంకా తెగలేదు.

లెక్కకు రానివారు

బేబ్ రూత్ పెద్ద లీగులలో ఎదుర్కొన్న పిచర్లలో నల్లజాతివాడు ఒక్కడు కూడా లేడు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ పెద్ద లీగు జట్టులో ఆడిన తరువాత, 1947 వరకు నల్లజాతివారిని ఆ లీగులలోకి రానివ్వలేదు. పుస్తకంలో వ్రాయని కట్టుబాటు అది. అందువల్ల వారు తమ లీగులు తామే ఏర్పరచుకొన్నారు. 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వాన నీగ్రో నేషనల్ లీగు ప్రారంభమైనది.

ఆ లీగులలో ఆడిన జాష్ గిబ్సన్ హోమ్ రన్లకు ఎంతో ప్రసిద్ధుడు. అతడు 35 ఏళ్ల వయసులో 1947 జనవరిలో మరణించినాడు. మూడు నెలలకు, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో అడుగుపెట్టి ఆ కట్టుబాటును ఛేదించినాడు. బేస్‌బాల్ మైలురాళ్లలో దీనిని మించినది లేదు. కాని దీనికి అంకె లేదు. రాబిన్సన్ ధరించిన 42వ సంఖ్యను 1997లో జట్లన్నిటిలోనూ ఇతరులకు ఇవ్వకుండా నిలిపివేసి, ఆ లోటు తీర్చినారు.

నల్లజాతివారి లీగుల లెక్కలు చాలాకాలం చెల్లాచెదురుగా ఉండిపోయినాయి. పరిశోధకులు పాత పత్రికలు వెదికి, ఆట వెంబడి ఆట పట్టికలు కూర్చినారు. 2020 డిసెంబరులో, 1920 నుండి 1948 వరకు నడిచిన ఏడు లీగులకు పెద్ద లీగుల హోదా ఇచ్చినారు. 2024 మేలో వాటి లెక్కలను అధికారిక రికార్డులలో కలిపినారు. దానితో జీవితకాలపు బ్యాటింగు సగటులో ప్రథమ స్థానం టై కాబ్ నుండి గిబ్సన్‌కు మారినది. కాబ్ సగటు 0.367, గిబ్సన్ సగటు 0.372. ఒక సంవత్సరపు సగటులో కూడా గిబ్సన్ 1943లో సాధించిన 0.466 ప్రథమ స్థానానికి వచ్చినది.

ఇక్కడ గణితం ఒక ప్రశ్న వేస్తుంది. నల్లజాతివారి లీగులు సంవత్సరానికి లెక్కకు వచ్చే ఆటలు తక్కువ ఆడేవి. మిగిలిన రోజులలో జట్లు ఊరూరా తిరిగి ఆడేవి. ఆ ఆటలు లెక్కలోకి రావు. గిబ్సన్‌కు లెక్కకు వచ్చిన అవకాశాలు రెండువేల పైచిలుకు. కాబ్‌కు పదకొండువేల పైచిలుకు. అవకాశాలు తక్కువైనప్పుడు యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉంటాయి. నిజమైన శక్తి 0.350 గల బ్యాటరుకు 250 అవకాశాలలో సగటు సాధారణంగా 0.030 మేర అటూ ఇటూ ఊగుతుంది. అవకాశాలు నాలుగు రెట్లయి 1,000 అయితే ఆ ఊపు సగమై 0.015 అవుతుంది. అవకాశాల వర్గమూలానికి విలోమంగా హెచ్చుతగ్గులు మారటం సంభావ్యతా శాస్త్రంలోని ప్రాథమిక సూత్రం.

కాబట్టి గిబ్సన్ అంకెను చదివేటప్పుడు అవకాశాల సంఖ్యను కూడా చదవాలి. అట్లాగే కాబ్ అంకెను, రూత్ అంకెను చదివేటప్పుడు, ఆ కాలపు మేటి ఆటగాళ్లలో ఒక భాగాన్ని గేటు బయటనే నిలిపివేసినారని గుర్తుంచుకోవాలి. మొదటి లోపాన్ని మాత్రమే ఎత్తిచూపి రెండవ దానిని విడిచిపెట్టటం శాస్త్రదృష్టి అనిపించుకోదు. అవకాశాలు తక్కువ కావటం గిబ్సన్ ఎన్నుకొన్నది కాదు.

హాంక్ ఆరన్ సహనం

ఈ రెండు చరిత్రలూ హాంక్ ఆరన్ జీవితంలో కలుసుకొన్నాయి. 1952లో నల్లజాతివారి జట్టులో వృత్తి జీవితం ప్రారంభించి, 1954లో పెద్ద లీగుకు వచ్చినాడు. ఏ ఒక్క సంవత్సరంలోనూ అతడు 47 హోమ్ రన్లను మించలేదు. కాని 23 సంవత్సరాలు ఆడినాడు. 1973 చివరకు అతని లెక్క 713. రూత్ జీవితకాలపు రికార్డు 714. తెల్లవాని రికార్డును నల్లవాడు దాటటం సహించలేనివారు అతనికి ద్వేషంతో నిండిన ఉత్తరాలు వ్రాసినారు, చంపుతామని బెదిరించినారు. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టినాడు. 1976లో 755 వద్ద విరమించినాడు. 2007లో బాండ్స్ దానిని దాటి 762కు చేరినాడు.

ఆరన్ మొత్తం హిట్లు 3,771. అందులో నుండి 755 హోమ్ రన్లను తీసివేస్తే 3,016 మిగులుతాయి. 3,000 హిట్లు దాటినవారిని మహా ఆటగాళ్లలో లెక్కించటం ఆనవాయితీ. ఒక్క హోమ్ రన్ కూడా కొట్టకపోయినా ఆరన్ ఆ వరుసలో ఉండేవాడు.

ఎడతెగని హాజరు

కొన్ని రికార్డులు బలానికి కాక ఓర్పుకు సంబంధించినవి. యాంకీస్ జట్టులోని లూ గెరిగ్ 1925 జూన్ 1 నుండి 1939 ఏప్రిల్ 30 వరకు ఒక్క ఆట కూడా తప్పకుండా 2,130 ఆటలు ఆడినాడు. తరువాత శక్తి సన్నగిల్లటం గమనించి తనంతట తానే తప్పుకొన్నాడు. కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా నశించే వ్యాధి అతనికి వచ్చినట్లు వైద్యులు తేల్చినారు. 1941లో 37 ఏళ్ల వయసులో మరణించినాడు. అమెరికాలో ఈ వ్యాధిని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

ఆ రికార్డును 1995 సెప్టెంబరు 6న బాల్టిమోర్ ఆటగాడు కాల్ రిప్కెన్ దాటినాడు. 1998లో 2,632 వద్ద తనంతట తానే ఆపినాడు. సంవత్సరానికి 162 ఆటల చొప్పున భాగిస్తే 16 సంవత్సరాల కంటె ఎక్కువ కాలం ఒక్క సెలవు కూడా లేకుండా ఆడినాడన్నమాట.

మారిన ఆట, మారే అంకెలు

పిచర్ సై యంగ్ 1890 నుండి 1911 వరకు ఆడి 511 ఆటలు గెలిచినాడు. దీనిని ఇక ఎవ్వరూ అందుకోలేరని చెప్పవచ్చును. ఆనాడు పిచర్ రెండు మూడు రోజులకొకసారి ఆడి, ఆట మొత్తం తానే వేసేవాడు. యంగ్ ఒక్కడే 749 ఆటలు ఆసాంతం వేసినాడు. ఈనాడు భుజానికి, మోచేతికి హాని కలుగకుండా పిచర్‌కు నాలుగైదు రోజుల విశ్రాంతి ఇస్తారు. ఒక ఆటను నలుగురైదుగురు పంచుకొంటారు. 2024లో ముప్పై జట్ల పిచర్లు అందరూ కలిసి ఆసాంతం వేసిన ఆటలు నలభై కూడా కావు. ఇది శక్తి తగ్గటం కాదు, పని విభజన మారటం.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఉన్నది. 2024లో జపానుకు చెందిన షోహెయ్ ఒహ్తాని లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్ పక్షాన 54 హోమ్ రన్లు కొట్టి, 59 సార్లు పిచర్ కళ్లుగప్పి ముందు బేసుకు పరుగెత్తి చేరినాడు. ఒకే సంవత్సరంలో రెండింటిలోనూ 50 దాటినవాడు అంతకు ముందు లేడు. అయితే 2023లోనే బేసుల భుజాన్ని 15 అంగుళాల నుండి 18 అంగుళాలకు పెంచినారు. పరుగెత్తబోయేవానిని బెదిరించటానికి పిచర్ బంతి విసిరే సార్లకు హద్దు పెట్టినారు. అందువల్ల అందరికీ బేసులు దొంగిలించటం కొంత సులభమైనది. అయినా ఆ సదుపాయం అందరికీ ఉన్నప్పుడు యాభై-యాభై సాధించినవాడు ఒహ్తాని ఒక్కడే. అదే నిబంధనలతో ఆడిన తోటివారితో పోల్చటమే అన్నిటికంటె న్యాయమైన పోలిక.

ఈ పద్ధతిని పాఠశాలలోనే అభ్యసించవచ్చును. పాఠశాల జట్టు క్రికెట్ ఆడినప్పుడు స్కోరు పుస్తకాన్ని విద్యార్థుల చేతనే వ్రాయించాలి. పరుగుల పక్కన ఎదుర్కొన్న బంతులు, మైదానపు కొలత, ప్రత్యర్థి జట్టు పేరు కూడా వ్రాయించాలి. ఒక సంవత్సరం గడిచిన తరువాత ఎవరి సగటు ఎంత, ఆ సగటు ఎన్ని అవకాశాలపై ఆధారపడినది, విస్తరణ ఎంత అనే ప్రశ్నలు ఇచ్చి లెక్క కట్టించాలి. చివరగా, జట్టులో చోటు దొరకక ఒక్క ఆట కూడా ఆడనివారి పేర్లను కూడా ఆ పుస్తకంలో ఒక పుటలో వ్రాయించాలి. వారి ఎదుట సున్న వేయరాదు, ఖాళీగా ఉంచాలి. ఆడి పరుగు తీయకపోవటం వేరు, ఆడే అవకాశమే రాకపోవటం వేరు అని ఆ ఖాళీ గడి విద్యార్థులకు గుర్తు చేస్తుంది.